‘నకాషిమా శైలి’ అని రాసే ముందు: లైవ్ ఎడ్జ్ బల్లలు చేసేవారికి ఒక బహిరంగ లేఖ

లైవ్ ఎడ్జ్ (చెట్టు సహజమైన అంచును కోసేయకుండా ఉంచిన) బల్లలు, బెంచీలు చేసి అమ్ముతున్న కార్ఖానాల యజమానులకు, మేస్త్రీలకు, డిజైనర్లకు,

నమస్కారం.

మీ కేటలాగుల్లో ఒక మాట తరచూ కనిపిస్తోంది: ‘నకాషిమా శైలి’. దాని కింద ఉండే ఫొటో దాదాపు ఒకటే. బెరడు ఒలిచిన వంకర అంచుతో మందపాటి పలక, దానికి నాలుగు ఇనుప ఊచల కాళ్లు, పగుళ్లలో పోసి గట్టిపరిచిన నీలం రంగు ప్లాస్టిక్ ద్రవం, రెజిన్. జపాన్ మూలాలున్న అమెరికన్ ఫర్నిచర్ డిజైనర్ జార్జ్ నకాషిమా పనికీ దీనికీ ఉన్న పోలిక ఆ అంచు వరకే. ఆ అంచైనా ఆయన చేసినవాటన్నిటిలో ఉండదు. 1940లలో నోల్ అనే ఫర్నిచర్ కంపెనీ కోసం గీసిన స్ట్రెయిట్ చెయిర్‌లో లేదు. గడ్డి తాడుతో సీటు అల్లిన కుర్చీలో లేదు. అందరికీ తెలిసిన కోనాయిడ్ కుర్చీలోనూ లేదు. అయినా పని తెలిసినవాళ్లు ఆ కుర్చీలను చూడగానే ఎవరివో చెప్పేస్తారు. అంటే ఆయన చెయ్యి మరెక్కడో ఉంది.

అది పని వరసలో ఉంది. మానును ఎలా కోయాలి, ఎంతకాలం ఆరబెట్టాలి, ఏ పలకను ఏ బల్లకు తీయాలి, పగులును ఎలా కట్టాలి, కాళ్లకు ఎలా బిగించాలి: డిజైన్ నిర్ణయాలన్నీ ఆ వరసలోనే జరిగిపోతాయి, అంచు చివరికి మిగిలేది మాత్రమే. పేరు వాడుకోవద్దని మేం అనడం లేదు. వాడుకుంటే ఆ వరస కూడా తీసుకోండి అంటున్నాం.

ముందు మనిషి గురించి కొంచెం, ఎందుకంటే ఆయన పద్ధతుల్లో ఒక్కోటి ఎక్కడినుంచి వచ్చిందో ఆ జీవితంలోనే తెలుస్తుంది. 1905లో అమెరికాలోని స్పోకేన్‌లో, జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. కాలేజీలో మొదట అటవీశాస్త్రం, తర్వాత ఆర్కిటెక్చర్. ఎం.ఐ.టీ.లో మాస్టర్స్ చేసి, పారిస్ మీదుగా జపాన్ చేరి, టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఉద్యోగంలో కుదిరారు. ఆ ఆఫీసు తరఫునే 1930ల చివర్లో పాండిచ్చేరికి వచ్చారు, అరవిందాశ్రమంలో ‘గోల్కొండ్’ అనే వసతిగృహం పని చూడడానికి. తెలుగువాళ్లం ఇక్కడ కాస్త ఆగాలి. ఆ కట్టడానికి డబ్బు నిజాం సంస్థానం నుంచి, దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చింది. దానికి పెట్టిన పేరు మన గోల్కొండదే. కాంక్రీటు కట్టడం, బయట గోడ పొడవునా తెరిచి మూసుకునే అడ్డ రెక్కలు, లోపల టేకు బద్దలతో చేసిన జరుపుడు తలుపులు. తలుపు మూసినా బద్దల సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఆయన ఫర్నిచర్ పని మొదలైంది అక్కడే, టేకుతోనే. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు.

1942లో, యుద్ధం రోజుల్లో, జపాన్ మూలాలున్న అమెరికన్లను ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు పంపినప్పుడు భార్యతో, పసిపాపతో ఐడహోలోని మినిడోకా శిబిరానికి వెళ్లాల్సి వచ్చింది. గెంటారో హికొగావా అనే సంప్రదాయ జపాన్ వడ్రంగి పరిచయమైంది అక్కడే. ఆర్కిటెక్చర్‌లో రెండు డిగ్రీలున్న మనిషి ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. సరుకు దొరికేది కాదు, శిబిరం కట్టగా మిగిలిన చెక్కలే గతి. 1943లో రేమండ్ పూచీ మీద విడుదలై పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ చేరారు. 1990లో చనిపోయేదాకా అదే ఊరు. మొదట్లో మేలురకం కలప కొనే స్తోమత లేదు, ఇతరులు పక్కన పడేసిన పలకలు తెచ్చుకునేవారు. ముడులు, పగుళ్లు, పుచ్చిన చోట్లు ఉన్నవి. పగులును దాచకుండా కట్టి చూపించే పద్ధతి వెనక తత్వం ఎంత ఉందో, చేతిలో డబ్బు లేకపోవడమూ అంత ఉంది. దీన్ని ఎవరూ కేటలాగుల్లో రాయరు.

ఇక పనిలోకి వద్దాం.

కోత మిల్లు దగ్గర ఆయన తానే నిలబడి, ఏ దుంగను ఏ వైపు నుంచి ఎంత మందంతో కోయాలో చెప్పేవారు. అది ఎందుకంత ముఖ్యమో అంకెల్లో చూడొచ్చు. ఏ చెక్కైనా పచ్చిగా ఉన్నప్పటినుంచి పూర్తిగా ఆరేదాకా, మాను కోతలో కనిపించే ఏటి వలయాల వెంట ఎక్కువ, వలయాలకు అడ్డంగా తక్కువ కుంచించుకుపోతుంది. నకాషిమా ఎక్కువగా వాడిన అమెరికన్ బ్లాక్ వాల్‌నట్‌లో ఆ రెండూ సుమారు 7.8 శాతం, 5.5 శాతం. టేకులో 5.8, 2.5. మొత్తం మీద టేకు తక్కువ కదులుతుంది కాబట్టి నిశ్చింత అనుకుంటారు, కానీ రెండు దిక్కుల మధ్య తేడా దాంట్లోనే ఎక్కువ, రెట్టింపు దాటింది. నడి దవ్వ పలకలో ఉండిపోతే ఈ తేడా వల్ల అక్కడినుంచి ముఖం మీదికి పగులు రావడం ఖాయం. అందుకని దవ్వ మొత్తం ఒకే పలకలోకి వచ్చేలా కోసి, ఆ పలకను తర్వాత మధ్యకు చీల్చి దవ్వ తీసేయాలి. వెడల్పు పోతుందని అలాగే ఉంచి, పగిలాక రెజిన్ పోయడం డిజైన్ అనిపించుకోదు.

మందం కూడా ముందే చూసుకోవాలి. పని పూర్తయ్యాక 50 మిల్లీమీటర్లు కావాలంటే 65కు కోయాలి. ఆరేసరికి 61 దగ్గర నిలుస్తుంది, వంపు తీయడానికి రెండు ముఖాలా చిత్రిక పట్టేసరికి మిగతాది పోతుంది. 55కు కోసి 50 తీద్దామనుకున్నవాళ్లు చివరికి 42తో సరిపెట్టుకుని, పలక ఊగుతుంటే కింద ఇనుము వేయాల్సి వస్తుంది.

కోసిన పలకలకు వరస నంబర్లు వేసి, అదే వరసలో పేర్చాలి. ఒక మాను పలకలను విడదీయకుండా ఉంచడం న్యూ హోప్ కలప షెడ్లలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. మీలో చాలామంది పలకలను సైజులవారీగా పేరుస్తారు. అలా పేర్చిన రోజే జంట పలకలు దొరికే దారి మూసుకుపోతుంది.

ఆరబెట్టడం గురించి ఎక్కువ రాయాల్సి వస్తోంది, ఎందుకంటే మా దగ్గరికి మరమ్మతుకు వచ్చే బల్లల్లో గొడవంతా ఇక్కడిదే. కోసిన రోజే పలక రెండు కొనలకూ మైనమో మందపు పెయింటో పూయాలి. తేమ నార వెంట కొనల్లోంచి చాలా వేగంగా పోతుంది, కొన ముందు ఆరిపోయి కుంచించుకుంటుంది, లోపలి భాగం ఒప్పుకోదు, కొన చీలుతుంది. మర్నాడు పూస్తే ఆ చీలిక అప్పటికే మొదలై ఉంటుంది, కంటికి కనపడదు అంతే. పలకకూ పలకకూ మధ్య 25 మిల్లీమీటర్ల బద్దలు, 400 నుంచి 450 మిల్లీమీటర్లకు ఒకటి. కొన బద్ద సరిగ్గా కొన దగ్గరే ఉండాలి. కింది వరస నుంచి పై వరస దాకా బద్దలన్నీ ఒకే నిలువు గీతలో రావాలి. ఒక బద్ద 100 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే పై బరువంతా పలక నడుమ మీద పడి, ఆ వంపుతోనే ఆరిపోతుంది. ఆరాక ఆ వంపును ఏ బరువూ తిప్పలేదు. బద్దలు ఎండిన చెక్కవి కావాలి, పచ్చివైతే వాటి కింద మచ్చలు పడతాయి. పైన కప్పు, పక్కల గాలి, నేరుగా ఎండ పడకూడదు.

అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. 65 మిల్లీమీటర్లకు రెండున్నరేళ్లు. జాతిని బట్టి, వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ కొద్ది నెలల్లో తేలే పని కాదు. చెక్కలో తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా అసలు కుంచించుకోదు, ఆ తర్వాతే మొదలవుతుంది. కాబట్టి ‘ఆరు నెలలైంది, వంకర పోలేదు, మంచి చెక్క’ అనే మాటకు అర్థం లేదు, వంకర పోయే దశకు అది ఇంకా పూర్తిగా రాకపోయి ఉండొచ్చు. ఇంకోటి, ఆరుబయట షెడ్డులో ఎన్నేళ్లుంచినా బయటి గాలి తేమను బట్టి 12, 14 శాతం దగ్గర ఆగిపోతుంది. గాలిలో సాపేక్ష తేమ 50 శాతం ఉండే గదిలో చెక్క 9 శాతం దాకా దిగుతుంది. ఆ తేడాను కిల్న్‌లోనో (వేడితో కలప ఆరబెట్టే గది), పొడి గదిలో నెలలపాటు ఉంచో ముందే తీసేయాలి. మీరు తీయకపోతే కొన్నవాళ్ల ఇల్లు తీస్తుంది.

పచ్చి పలకను నేరుగా కిల్న్‌లో వేడి పెంచి ఆరబెడితే ఇంకో ప్రమాదం. పై పొర సాగిన స్థితిలోనే గట్టిపడిపోతుంది, లోపల తడిగానే ఉంటుంది. తర్వాత లోపల ఆరినప్పుడు కుంచించుకోవడానికి పై పొర ఒప్పుకోదు, నడిమధ్యలో చిల్లులు చిల్లులుగా చీలుతుంది. బయటికి ఏమీ తెలియదు. చిత్రిక మూడో దఫాలో బయటపడుతుంది, లేదంటే బల్ల అమ్ముడయ్యాక. దీనికి చవకైన పరీక్ష ఉంది. పలక కొననుంచి ఒక అడుగు లోపల, అడ్డంగా 20 మిల్లీమీటర్ల ముక్క కోసి, దాని మందంలో రెండు గాడులు పెట్టి మూడు పళ్లుగా చేసి, నడిమి పన్ను విరిచేయండి. పక్క పళ్లు రెండూ లోపలికి వంగితే పలకలో బిగువు ఉంది, ఇంకా బల్లకు సిద్ధం కాలేదు. నిటారుగా నిలిస్తే పని మొదలుపెట్టొచ్చు.

తేమ మీటరుతోనూ జాగ్రత్త. సూదులు రెండు మిల్లీమీటర్లు దించి చదివితే పై పొర సంగతే చెబుతుంది. మందంలో ఐదో వంతు లోతుకు, అంటే 60 మిల్లీమీటర్ల పలకలో 12 మిల్లీమీటర్లకు దించితే సగటుకు దగ్గర అంకె వస్తుంది. సగానికి దించితే లోపలి తేమ. ఈ రెండు అంకెల మధ్య తేడా రెండు శాతం దాటితే ఆ పలకను మళ్లీ బద్దల మీదకు ఎక్కించండి.

పుస్తకం తెరిచినట్టు రెండు వరస పలకలను పక్కపక్కన పరిచి కలపడం నకాషిమా పెద్ద బల్లల్లో చాలా చోట్ల కనిపిస్తుంది. 1986లో న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ద డివైన్ కెథడ్రల్‌లో పెట్టిన శాంతి వేదిక అనే పెద్ద బల్ల అలాంటిదే, ఒకే మహా వాల్‌నట్ మానులోంచి తీసిన జంట పలకలు. ఆయన పోయాక కూతురు మీరా నకాషిమా ఆధ్వర్యంలో తయారైన వేదిక ఒకటి 1996లో ఆరోవిల్‌కు వచ్చింది, దగ్గరే ఉంది, వెళ్లి చూడొచ్చు. ఈ పద్ధతిలో రెండు తిరకాసులున్నాయి. బ్యాండ్ రంపం కోతలో మూడు మిల్లీమీటర్లు పొట్టుగా పోతుంది, వృత్తాకార రంపంలో ఆరేడు. వంపు తీయడానికి ముఖాలు చిత్రిక పట్టినకొద్దీ ఇంకా పోతుంది. మొత్తం 15 మిల్లీమీటర్లు పోయాక రెండు బొమ్మలూ ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు ఉండవు, ముడులు జరుగుతాయి. అంటే పలకలు వంకర పోకుండా ఆరితేనే జంట కుదురుతుంది. రెండోది ఎక్కువమందికి తట్టదు. జంటలో ఒక పలక బెరడు వైపు పైకి ఉంటుంది, రెండోది నడిమి వైపు పైకి. ఆరకుండా కలిపితే ఒకటి పైకి, ఒకటి కిందికి వంగి, బల్ల మధ్యలో అతుకు మెట్టులా లేస్తుంది. జిగురు ఎంత మంచిదైనా దాన్ని ఆపలేదు.

ఇప్పుడు సీతాకోకచిలుక బందు, మీరు బటర్‌ఫ్లై కీ అంటున్నది: పగులు ఇంకా తెరుచుకోకుండా దానికి అడ్డంగా దించే, నడుము సన్నని చెక్క ముక్క. మీ బల్లల మీద ఇది ఇప్పుడు బొట్టుబిళ్ల అయిపోయింది. మూడు మిల్లీమీటర్ల మందంలో, లేజరుతో కోసి, పగులు లేని చోట కూడా అంటిస్తున్నారు. నకాషిమా దగ్గర ఇది మోసే భాగం. వాల్‌నట్ పలకలో రోజ్‌వుడ్ బందులు ఆయన తరచూ వాడేవారు, రంగు తేడాతో కనబడాలనే.

50 మిల్లీమీటర్ల పలకలో, కొన దగ్గర 8 మిల్లీమీటర్లు తెరుచుకున్న పగులు ఉందనుకుందాం. బందు పొడవు 120, రెండు చివరలా వెడల్పు 48, నడుము 24, మందం 20 నుంచి 25. ఏటవాలు ఐదుకు ఒకటి అవుతుంది. అంతకన్నా వాలు ఎక్కువైతే మూలల్లో నార పొట్టిదైపోయి రాలిపోతుంది, తక్కువైతే పట్టు ఉండదు. బందులో నార దాని పొడవు వెంటే, అంటే పగులుకు అడ్డంగా పోవాలి. నార అడ్డం తిప్పి కోసిన బందు నడుము దగ్గర చేత్తోనే విరుగుతుంది, బల్లలో కూడా అలాగే విరుగుతుంది. ముందు బందు కోయాలి, తర్వాత దాన్ని పలక మీద పెట్టి చురకత్తితో గీయాలి. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు సందు అవుతుంది. బందు పక్కలకు లోపలివైపు ఒక డిగ్రీ వాలు ఇస్తే కిందికి పోయేకొద్దీ బిగుస్తుంది. గాడి నడిమి భాగం రౌటరుతో తీసినా, గీతకు రెండు మిల్లీమీటర్ల ముందే ఆపి మిగతాది ఉలితో నిలువుగా చెక్కాలి. బిగువు ఏటవాలు పక్కల్లోనే ఉండాలి. బందు రెండు చివరలు గాడి గోడలకు గట్టిగా తగిలితే అది పగులును పట్టదు, ఇంకా తెరుస్తుంది. అక్కడ కాగితం మందం సందు వదలండి. జిగురు ఏటవాలు పక్కలకు రాసి కొయ్యసుత్తితో దించుతుంటే, అడుగు తాకగానే దెబ్బ శబ్దం బొంగురునుంచి గట్టిగా మారుతుంది. అక్కడ ఆపాలి. పైకి మిగిలిన ఒకటి రెండు మిల్లీమీటర్లు జిగురు ఆరాక చిత్రికతో సమం చేయాలి, తడి మీద చేస్తే తర్వాత గుంట పడుతుంది.

పెద్ద పగులు కదా అని 250 మిల్లీమీటర్ల పొడవు బందు వేయకండి. పలక వెడల్పులో కదులుతుంది, బందు పొడవులో కదలదు. వాల్‌నట్‌లో తేమ నాలుగు శాతం తగ్గితే 120 మిల్లీమీటర్ల మేర పలక 1.3 మిల్లీమీటర్లు లోపలికి రావాలనుకుంటుంది, దాన్ని చెక్క సర్దుకోగలదు. 250 దగ్గర అది 2.7 అవుతుంది, బందు చివర పక్కనే కొత్త పగులు పుడుతుంది. ఒక పెద్ద బందుకన్నా మూడు చిన్నవి మేలు. మొదటిది పలక కొననుంచి 60, 80 మిల్లీమీటర్ల లోపల, చివరిది పగులు మూసుకుపోయే చోటికి కాస్త ముందు, నడిమిది వాటి మధ్య. దూరాలు సరిసమానంగా ఉండనక్కర్లేదు. నకాషిమా బల్లల మీద బందుల సైజులూ ఎడాలూ మారుతూ ఉండడం కంటికి బాగుంటుంది, కానీ పగులు వెడల్పు మారుతుంది కాబట్టే అవి అలా మారాయి.

కాళ్లకు బిగించేటప్పుడు పైన వేసిన లెక్కే మళ్లీ వస్తుంది. వలయాలు ముఖానికి సమాంతరంగా ఉన్న వాల్‌నట్ పలక తేమలో ఒక్కో శాతానికి వెడల్పులో సుమారు 0.27 శాతం కదులుతుంది. టేకు 0.19 దగ్గర. మీటరు వెడల్పు వాల్‌నట్ బల్ల 13 శాతం నుంచి 9కి దిగితే 11 మిల్లీమీటర్లు తగ్గుతుంది, టేకు ఏడున్నర. పొడవులో కదలిక లెక్కలోకి రాదు. ఇప్పుడు బల్ల అడుగున, నారకు అడ్డంగా ఇనుప పట్టీ వేసి, నాలుగు గుండ్రటి బెజ్జాల్లో స్క్రూలు బిగించారనుకోండి. పలక లోపలికి రావాలి, ఇనుము రానివ్వదు, పలక తనను తాను చీల్చుకుని వస్తుంది. వేసవిలో బల్ల ‘టప్’ మని పగిలిందని ఫోన్లు వచ్చేది ఇందుకే. నడిమి స్క్రూ ఒక్కటి గుండ్రటి బెజ్జంలో కదలకుండా ఉండాలి. మిగతావి నారకు అడ్డంగా సాగిన స్లాట్లలో ఉండాలి. నడిమినుంచి 400 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న స్క్రూకు ఈ లెక్కన 4.4 మిల్లీమీటర్ల కదలిక కావాలి. ఆరు మిల్లీమీటర్ల స్క్రూకు 16 మిల్లీమీటర్ల స్లాట్ పెట్టి, స్క్రూ నడిమిలో ఉంచితే అటూ ఇటూ ఐదేసి దొరుకుతుంది. వాషరు వేసి, చివరి పావు తిప్పు వెనక్కి తీయండి. మరీ బిగిస్తే స్లాట్ ఉన్నా లేనట్టే. పలక వంగకుండా అడుగున గాడి తీసి దింపే ఇనుప చానెల్‌కు కూడా ఇదే నియమం, గాడి చానెల్‌కన్నా వెడల్పులో రెండు, పొడవులో పది మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి.

కుర్చీ విషయంలో మీలో కొందరు కోనాయిడ్ నమూనా కాపీ చేస్తున్నారు, అందుకని ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. 1960 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఆ కుర్చీకి పేరు న్యూ హోప్‌లో ఆయన కట్టుకున్న స్టూడియో నుంచి వచ్చింది. ఆ స్టూడియో పైకప్పు పల్చటి కాంక్రీటు కోనాయిడ్ పెంకు. కుర్చీకి వెనక రెండు నిలువు కాళ్లే, ముందు కాళ్లు లేవు. కింద నేల మీద పొడవుగా పరుచుకున్న పాదాలు, కార్పెట్ మీద ఇరుక్కోకుండా జారతాయి. సీటు వెనకనుంచి ముందుకు గాలిలో నిలుస్తుంది. 80 కిలోల మనిషి కాళ్లకు 250 మిల్లీమీటర్ల ముందు కూర్చుంటే, రెండు కీళ్ల మీద పడే మెలి సుమారు 196 న్యూటన్ మీటర్లు, ఒక్కోదానికి 98. కీలు లోతు 60 మిల్లీమీటర్లయితే పై అంచున, కింది అంచున చెరో 160 కిలోల పైన ఒత్తిడి. కూర్చునేటప్పుడు మనిషి ధబాలున పడితే దానికి రెట్టింపు. ఈ లెక్కను రెండు డోవెల్ పుల్లలు, ఒక సీసా జిగురు మోయలేవు. కుసి (బెజ్జంలోకి దిగేలా చెక్కిన కొన), దాని బెజ్జం ఆ లోతులో, భుజాలు పూర్తిగా ఆనేలా ఉండాలి. నిలువు కాలు పాదంలోకి దిగే కీలుకూ ఇదే మెలి వస్తుంది, అక్కడా నార పొడవుగా దొరకాలి. ముడి ఉన్న చెక్క, నార పక్కకు పారిపోయిన చెక్క ఆ కాలుకు వాడకండి, ఎంత అందంగా ఉన్నా సరే. సీటుకు వాడుకోండి.

వీపు ఊచలు ఆయన హికరీ అనే అమెరికన్ గట్టి కలపతో చేసేవారు, సీటు, పై బద్ద వాల్‌నట్‌తో. ఊచకు సాగే గుణం కావాలి కాబట్టి హికరీ. ఊచల వీపుండే విండ్సర్ కుర్చీల పాత ఒడుపు ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఊచ కొనలను 5, 6 శాతానికి ఆరబెట్టి, 9, 10 శాతం ఉన్న సీటు బెజ్జంలోకి దించితే, తర్వాత గాలి తేమ పీల్చుకుని కొన ఉబ్బి బిగుస్తుంది. తడి ఊచ దించితే తర్వాత పొడి రోజుల్లో వదులై కిర్రుమంటుంది, దాన్ని జిగురుతో సరిచేయడం అయ్యే పని కాదు.

అంచు గురించి కూడా ఒక మాట. బెరడు అలాగే ఉంచి లక్క కొట్టి అమ్మేవాళ్లున్నారు. బెరడు ఊడుతుంది, దాని కింద పురుగు చేరుతుంది. చేవకు బయట ఉండే తెల్ల చెక్కలో పిండి పదార్థం ఉంటుంది, పొడి పురుగుకు కావాల్సింది అదే. బెరడు మొత్తం ఒలిచి, తీగ బ్రష్‌తో నార వెంట శుభ్రం చేసి, పదును మూలలు మాత్రం చేతికి తగలకుండా విరిచి వదిలేయండి. రోటరీ సాండరుతో ఆ గట్లన్నీ నున్నగా అరగదీస్తే, తర్వాత ఆ అంచు చెట్టుదో ఫ్యాక్టరీదో తెలియదు. పాలిష్ పైకి ఎన్ని పూతలో అడుగుకూ అన్నే. పైన ఆరు పూతలు వేసి అడుగు వదిలేస్తే తేమ ఒక వైపునుంచే వచ్చి పోతుంది, బల్ల వంగుతుంది. రెజిన్ గురించి చెప్పాల్సింది తక్కువే. చెక్క కదులుతుంది, గట్టిపడ్డ రెజిన్ కదలదు, ఆరని పలకలో పోస్తే రెండింటి మధ్య తెల్లని గీత లేస్తుంది. రెజిన్ బల్లలు అమ్ముకోండి, ఆ పేరుతోనే.

ఇంకొక విషయం ఆయన దగ్గర కొనేవాళ్లకు సంబంధించినది. షెడ్డులో పలకలు చూపించి, ఇంటికి, గదికి ఏది నప్పుతుందో మాట్లాడుకుని, చేత్తో గీసిన చిన్న బొమ్మ మీద ఒప్పుకునేవారు. చాలాకాలం తన సంతకం పెట్టలేదు, అడుగున కొన్నవారి పేరే రాసేవారు. 1973లో రాక్‌ఫెల్లర్ కుటుంబం పొకాంటికో హిల్స్ ఇంటికి రెండు వందల పైచిలుకు వస్తువులు అడిగినప్పుడూ పని ఈ షెడ్డులోంచే సాగింది. 1964లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు వచ్చి ఇక్కడి వడ్రంగుల చేత చేయించే డిజైన్లు ఇచ్చారు. అంటే ఈ పద్ధతి మన చేతులకు కొత్తదీ కాదు, అందనిదీ కాదు.

కాబట్టి మేం అడిగేది ఇది. ‘నకాషిమా శైలి’ అని రాసిన ప్రతి వస్తువు కిందా చెట్టు జాతి రాయండి, ‘సహజ చెక్క’ అని కాదు. అమ్మే రోజు తేమ ఎంతో, మీటరు సూది ఎంత లోతులో చదివారో రాయండి. ఆరుబయట ఎన్ని నెలలు, కిల్న్‌లో ఎన్ని రోజులు ఆరిందో రాయండి. పగులు ఉంటే దాన్ని పట్టిన బందు మందం ఎంతో రాయండి. ఇవి రాయలేని వస్తువుకు ‘లైవ్ ఎడ్జ్ బల్ల’ అనే పేరు సరిపోతుంది, అమ్మకాలేమీ ఆగవు. పై ఫొటోతో పాటు అడుగు ఫొటో కూడా ఒకటి పెట్టండి, స్లాట్లు, స్క్రూలు, కాలి కీలు, అడుగు పూత స్పష్టంగా కనబడేలా.

ఇట్లు,
చెక్కపనిలోనూ, ఫర్నిచర్ డిజైన్‌లోనూ ఉన్న కొందరం